వదిలేసిన డ్రమ్ములు: ముట్టుకునే ముందు, తవ్వే ముందు

(విజయనగరంలో పంచాయతీ కార్యదర్శులు, వీఆర్వోలు, అగ్నిమాపక సిబ్బంది, పరిశ్రమల భద్రతాధికారులకు జరిగిన శిక్షణ తరగతిలో ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ హాల్లో మూడు రకాల వాళ్ళున్నారు. ఫలానా చోట డ్రమ్ములు పడున్నాయని మొదట తెలిసేది కార్యదర్శులకీ వీఆర్వోలకీ. కబురు రాగానే బండి తీసుకుని వెళ్ళేది ఫైర్ వాళ్ళు. ఆ డ్రమ్ముల్లో ఏముండొచ్చో కాస్తయినా ఊహించగలిగేది ఫ్యాక్టరీల భద్రతాధికారులు. ఈ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది మామూలుగా ఏదో జరిగిపోయాకే. అందుకని చట్టం సంగతి కొంచెం, పని సంగతి ఎక్కువ చెప్తాను.

పడేసేవాడికి అనువైన చోట్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో తక్కువేం కావు. జాతీయ రహదారి పక్క సరుగుడు తోటలు, వదిలేసిన గ్రానైట్ క్వారీ గోతులు, మూతపడ్డ షెడ్లు, గెడ్డ గట్లు. రాత్రి లారీ ఆగితే ఎవరూ అడగరు. పైడిభీమవరం నుంచి పూసపాటిరేగ దాకా మందుల ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం కాబట్టి, అటువైపు దొరికే డ్రమ్ముని ముందుగా సాల్వెంటు (మందుల తయారీలో కరిగించడానికి వాడే ద్రవం) డ్రమ్ముగానే అనుమానించాలి: ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడు), టోలీన్, మెథనాల్, టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్), అసిటోనైట్రైల్, వాటిని కాచి ఆవిరి పట్టగా మిగిలిన నల్లటి అడుగు. ఫెర్రో ఎల్లాయ్స్ కొలుములు, ప్లేటింగ్ షాపులు ఉన్న వైపు అయితే లోహాల బెడద. ఇది అనుమానం మాత్రమే, దీన్నిబట్టి నిర్ణయాలు తీసుకోకూడదు.

డ్రమ్ములు కనబడగానే ఊళ్ళో వచ్చే మొదటి ఆలోచన ఒకటే. జేసీబీని పిలిచి ట్రాక్టరెక్కించి ఎక్కడికో పంపేద్దాం, లేకపోతే అక్కడే గొయ్యి తీసి కప్పెట్టేద్దాం. ఈ పూట నేను చెప్పేదంతా ఆ తొందరకి అడ్డం పడ్డానికే. లోపల ఏముందో తేలకుండా కదిపితే పని ఎంత పెరుగుతుందో లెక్కేసి చూద్దాం.

యాభై డ్రమ్ములు ఉన్నాయనుకోండి, కొన్ని కారుతున్నాయి. మట్టి తడిసిన జాగా 15 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, లోతు 60 సెంటీమీటర్లు. అంటే 180 ఘనపు మీటర్లు. ఎర్ర ఇసక మట్టి నేలలో ఉండగా ఘనపు మీటరు సుమారు 1.7 టన్నులు తూగుతుంది. మొత్తం 306 టన్నులు, 15 టన్నుల టిప్పర్లకి ఇరవై పైన ట్రిప్పులు. ఇప్పుడు జేసీబీ వచ్చి డ్రమ్ముల్ని పక్కకి నెట్టి, నేల చదును చేసి పోయిందనుకోండి. పాడైన మట్టి 30 మీటర్లు, 40 మీటర్ల మేర పరుచుకుంటుంది. అదే లోతు తవ్వాల్సొస్తే 720 ఘనపు మీటర్లు, 1,224 టన్నులు, ఎనభై పైచిలుకు ట్రిప్పులు. డ్రమ్ములు అవే, వాటిలో సరుకూ అదే. ఒక పూట జేసీబీ అద్దెతో ఖర్చు నాలుగింతలైంది.

వాన లెక్క కూడా వేయండి. ఆ మొదటి 300 చదరపు మీటర్ల మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే 300 లీటర్ల నీళ్ళు. తుపాను రోజున 150 మిల్లీమీటర్లు పడితే 45,000 లీటర్లు, అదంతా రసాయనం కలిసిన నీళ్ళే. పట్టి ఉంచడానికి 10 వేల లీటర్ల ట్యాంకర్లు ఐదు కావాలి. పట్టకపోతే గెడ్డలోకి పోతుంది. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. కాబట్టి మన దగ్గర ఏ స్థలమైనా సెప్టెంబరు నెలాఖరుకి పైన కప్పు, చుట్టూ గట్టు ఉండి తీరాలి. మిగతా అనుమతులు నిదానంగా వచ్చినా, టార్పాలిన్ కప్పడానికీ, వాననీరు లోపలికి రాకుండా పైవైపు చిన్న కాలవ తీయడానికీ ఎవరి సంతకం కోసమూ ఆగకండి. అయితే ఆ పని కూడా డ్రమ్ముల్ని ముట్టుకోకుండా, తగిన మాస్కులున్నవాళ్ళ చేతే చేయించాలి.

మొదటి రోజు కార్యదర్శి చేయాల్సింది తక్కువే, చేయకూడనిదే ఎక్కువ. లోపల ఏముందో తెలియని సరుక్కి అన్ని వైపులా కనీసం 100 మీటర్లు ఖాళీ చేయించాలి. గాలి మీ వీపు వైపు నుంచి డ్రమ్ముల వైపు వీచేలా నిలబడాలి. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి దూరం నుంచే ఫొటోలు తీయాలి. డ్రమ్ములు ఎన్ని, ఏ రంగు, ఇనుమువా ప్లాస్టిక్కువా, లేబులేమైనా మిగిలుందా, దగ్గర్లో బావి, బోరు, పశువులు నీళ్ళు తాగే చోటు ఉన్నాయా, ఇంతే. వాసన చూడ్డానికి దగ్గరికెళ్ళకూడదు. ముక్కుకి వాసన తగిలిందంటే ఆ గాలి అప్పటికే లోపలికి వెళ్ళింది. 112కి, 101కి, తహసీల్దారుకి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి కబురు పెట్టండి. రాత్రికి కాపలా పెట్టండి. ఆ కాపలా ముఖ్యంగా పాత ఇనుము కొనేవాళ్ళ కోసం. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఖాళీ డ్రమ్ము అని మనం అనేది చాలాసార్లు నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. టోలీన్ ఆవిరి గాలిలో సుమారు 1.2 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో 1.2 శాతం అంటే 2.4 లీటర్ల ఆవిరి. అంత ఆవిరి రావడానికి కావాల్సిన ద్రవం సుమారు 10 మిల్లీలీటర్లు. రెండు టీస్పూన్లు. డ్రమ్ము అడుగున మడతలో ఎప్పుడూ అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఉలి పెట్టి కొట్టినా, గ్యాస్ కట్టర్ పెట్టినా, గ్రైండర్ పెట్టినా పైమూత బిళ్ళలా లేచిపోతుంది, దాని ఎదురుగా మనిషి ఉంటాడు. నిండు డ్రమ్ములో గాలికి చోటుండదు కాబట్టి లోపల అంత సులువుగా అంటుకోదు.

ఇక డ్రమ్ముని చూపుతో చదవడం. పైభాగం ఉబ్బి ఉంటే లోపల ఒత్తిడి ఉంది. అది ఎండ వల్ల కావొచ్చు: ఎండీసీ 40 డిగ్రీలకే మరుగుతుంది, మే నెల ఎండలో ఇనప డ్రమ్ము ఆ వేడి సునాయాసంగా దాటుతుంది. లోపల ఇంకా ఏదో రసాయన చర్య నడుస్తున్నందువల్ల కావొచ్చు. తెల్లారుజామున కూడా ఉబ్బే ఉంటే రెండోదే అనుకోవాలి. అలాంటి డ్రమ్ముని కదపకూడదు, మూత తిప్పకూడదు. లోపలికి పీక్కుపోయిన డ్రమ్ము వేడిగా ఉండగా బిగించి తర్వాత చల్లారినది, భయం తక్కువ. మూత చుట్టూ తెల్లటి పలుకులు కడితే ఆగిపోండి. టీహెచ్‌ఎఫ్, ఇతర ఈథర్లు నెలల తరబడి గాలి తగిలి నిలవుంటే పెరాక్సైడ్లు పుడతాయి, మూత తిప్పే రాపిడికే పేలొచ్చు. చిన్న డబ్బాల్లో నల్లటి తడి పొడి ఉంటే అది మందుల తయారీలో వాడేసిన ఉత్ప్రేరకం, పల్లాడియం కార్బన్ గానీ రేనీ నికెల్ గానీ కావొచ్చు. తడిగా ఉన్నంతసేపే బుద్ధిగా ఉంటుంది, ఆరితే తనంతట తనే అంటుకుంటుంది.

కదిపే ముందే గుర్తుంచుకోవాల్సిన ఇంకో సంగతి బరువు. 200 లీటర్ల టోలీన్ 175 కిలోల లోపే. అదే డ్రమ్ములో ఎండీసీ 265 కిలోలు, క్లోరోఫాం దగ్గర దగ్గర 300, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 365 పైనే. నలుగురు కలిసి దొర్లించడానికి చూస్తే నడుములు పోతాయి, తుప్పు పట్టిన అడుగు ఊడొస్తుంది. డ్రమ్ము మీద గుద్దిన అంకెలు కూడా చూడండి. 1ఏ1 అంటే మూత తీయడానికి రాని ఇనప డ్రమ్ము, ద్రవాలకి. 1ఏ2 అంటే పైమూత మొత్తం ఊడేది, ఎక్కువగా బురదకీ పొడికీ. లేబులు మాత్రం నమ్మకండి. పాత డ్రమ్ములో కొత్త చెత్త పోయడం అందరూ చేసేదే.

ఇప్పుడు పని మొదలుపెట్టే సంగతి. స్థలాన్ని మూడు భాగాలు చేస్తారు: డ్రమ్ములున్న వేడి ప్రాంతం, బట్టలూ బూట్లూ కడుక్కునే మధ్య ప్రాంతం, మామూలు మనుషులుండే చల్లని ప్రాంతం. పుస్తకాల్లో ఇది గాలికి ఎదురు వైపు పెట్టమని రాసి ఊరుకుంటారు. మన తీరంలో అది చాలదు. తెల్లారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. పొద్దెక్కాక సముద్రం గాలి తిరుగుతుంది. ఆరింటికి పడమట పెట్టిన టెంటు మధ్యాహ్నానికి సరిగ్గా ఆవిరి దారిలో ఉంటుంది. కాబట్టి రెండు దారులు ముందే సిద్ధం చేసుకోవాలి, లేదా గాలి తిరిగే లోపు ఆ పూట పని ముగించాలి. రెండోదే మేలు, ఎండ దెబ్బ కూడా తప్పుతుంది. ఒక కర్రకి రిబ్బన్ కట్టి అందరికీ కనబడేలా పెట్టండి.

మీటర్ల విషయంలో కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడే చదువుకున్నవాళ్ళు కూడా దెబ్బతింటారు. నాలుగు వాయువుల మీటరుతో ముందు ఆక్సిజన్ చూడాలి. 19.5 శాతం కంటే తగ్గితే బీఏ సెట్ (వీపుకి తగిలించుకునే గాలి సిలిండరు, మాస్కు) లేకుండా ఎవరూ లోపలికి వెళ్ళరు. 23.5 దాటితే ఆక్సీకరణి (మంటని పెంచే రసాయనం) ఏదో కారుతోందనుకోవాలి, బయటికొచ్చేయండి. తర్వాత పేలుడు స్థాయి. కనిష్ఠ పేలుడు పరిమితిలో (పేలడానికి గాలిలో ఉండాల్సిన కనీస ఆవిరిలో) 10 శాతం లోపైతే పని సాగించవచ్చు. 10 నుంచి 25 మధ్య చాలా జాగ్రత్తగా, ఆగకుండా చూసుకుంటూ చేయాలి. 25 దాటితే వెనక్కి రావాలి. అయితే ఈ మీటర్లని మామూలుగా మీథేన్‌తో సరిచేస్తారు, టోలీన్‌ని తక్కువ చేసి చూపిస్తాయి. తెర మీద 10 ఉంటే అసలు 20 దాకా ఉండొచ్చు. ఆక్సిజన్ బాగా తక్కువున్న చోట ఈ సెన్సరు అసలు పనే చేయదు, సున్నా చూపిస్తుంది. ఆక్సిజన్ ముందు చూడమన్నది అందుకే.

సాల్వెంటు ఆవిరికి పీఐడీ అనే మీటరు వాడతారు. దానిలోని అతినీలలోహిత దీపం శక్తి చాలని ఆవిరి దానికి కనబడదు. అద్దెకి దొరికేవాటిలో ఎక్కువగా 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం ఉంటుంది. టోలీన్, అసిటోన్ దానికి చక్కగా కనబడతాయి. కానీ ఎండీసీకి 11.3 కావాలి, క్లోరోఫాంకి 11.4, మెథనాల్‌కి 10.8 పైన. అంటే ఈ మూడు సాల్వెంట్ల మధ్య నిలబడినా ఆ మీటరు సున్నా చూపించగలదు. 11.7 దీపం తెప్పించాలి. అది ఖరీదు ఎక్కువ, ఆయుష్షు తక్కువ, దాని ముందున్న స్ఫటికపు బిళ్ళ తేమని పీలుస్తుంది, మన తీరం తేమ సంగతి తెలిసిందే. కాబట్టి వాడనప్పుడు పొడి డబ్బాలో ఉంచాలి. అసిటోనైట్రైల్‌కి 12.2 కావాలి, 11.7 దీపం కూడా చాలదు. దానికి రంగు మారే గాజు గొట్టాలు వాడండి. మీటరు సున్నా చూపిస్తే ఏమీ లేదని అర్థం కాదు, ఆ మీటరుకి కనబడేది ఏమీ లేదని మాత్రమే.

తొడుగులు. డ్రమ్ము తెరిచే ఇద్దరికీ బీఏ సెట్, రసాయనం చిందినా తట్టుకునే సూటు. బయట ఇంకో ఇద్దరు అదే వేషంలో సిద్ధంగా ఉండాలి. నీలం రంగు నైట్రైల్ గ్లవ్స్ ఎండీసీని రెండు నిమిషాలు కూడా ఆపలేవు. చేతికి చల్లగా తగిలిందంటే దాటేసిందన్నమాట. పలు పొరల లామినేట్ గ్లవ్ లోపల, దాని మీద మందపాటి బ్యుటైల్ గానీ నైట్రైల్ గానీ చిరగకుండా ఉండటానికి. ఆ సూట్లో ఒంటి వేడి బయటికి పోదు. ఇరవై నిమిషాలు పని, తర్వాత నీడలో కూర్చుని నాడి మామూలుకి వచ్చేదాకా విశ్రాంతి, ఉప్పు కలిపిన మజ్జిగో ఓఆర్‌ఎస్సో. మార్చి దాటాక పది గంటల తర్వాత ఈ సూట్లతో పని పెట్టుకోవద్దు. రసాయనం కంటే ముందు వడదెబ్బ పడగొడుతుంది.

తెరవడం. ప్రతి డ్రమ్ముకీ ముందు నంబరు రాయాలి, ఫొటో తీయాలి, ఒక కాగితం పెట్టాలి. స్థిర విద్యుత్తుతో నిప్పురవ్వ రాకుండా డ్రమ్ముకి ఎర్తింగ్ క్లిప్, అందులోకి దిగే ప్రతి లోహపు వస్తువుకీ దాన్ని డ్రమ్ముతో కలిపే బాండింగ్ తీగ. పెయింటు మీద క్లిప్ పెడితే లాభం లేదు, గీకి ఇనుముకే పెట్టాలి. నిప్పురవ్వ రాని కంచు స్పానరుతో ముందు చిన్న బంగు (మర బిరడా), ముప్పావు అంగుళానిది, పావు తిప్పు తిప్పి ఆగాలి. బుస్సుమంటే అలాగే వదిలేసి వెనక్కి రావాలి, శబ్దం ఆగాకే మిగతాది. ఉబ్బిన డ్రమ్ములకీ, పలుకులు కట్టినవాటికీ చేతి స్పానరే లేదు. వాటిని దూరం నుంచి గాలి ఒత్తిడితో తిప్పే సాధనంతో, ఇసక బస్తాల చాటు నుంచి తెరుస్తారు. పేలుడు పదార్థం అనుమానమొస్తే బాంబు స్క్వాడ్ పని, మనది కాదు.

నమూనా తీయడానికి నాలుగడుగుల గాజు గొట్టం. నిదానంగా అడుగు దాకా దించి, పైన బొటనవేలితో మూసి తీస్తే పొరలు పొరలుగా కనబడతాయి. పైన టోలీన్, అడుగున నీళ్ళు ఉన్న డ్రమ్ములో పైపైన ముంచి తీస్తే మీ కాగితం మీద టోలీన్ ఒక్కటే ఉంటుంది. అలాంటి డ్రమ్ము కాల్చే చోటికి వెళ్ళాక అసలు సంగతి బయటపడుతుంది, సరుకు వెనక్కొస్తుంది.

ఆ నమూనాతో అక్కడికక్కడే, ఒక్కోదానికి రెండు మూడు మిల్లీలీటర్లతో కొన్ని పరీక్షలు. మొదటిది నీళ్ళ పరీక్ష: నీళ్ళలో రెండు చుక్కలు వేయాలి, చుక్కల మీద నీళ్ళు పోయకూడదు. వేడెక్కిందా, పొగొచ్చిందా చూడాలి. తేలితే టోలీన్, హెక్సేన్ జాతి. మునిగితే క్లోరిన్ ఉన్న సాల్వెంటు అనుకోవచ్చు. కలిసిపోతే మెథనాల్, అసిటోన్, అసిటోనైట్రైల్ లాంటివి. తర్వాత పీహెచ్ కాగితం. ఆక్సీకరణులకి అయొడైడు స్టార్చి కాగితం, నీలంగా మారితే ఉన్నట్టు. ఈథర్లకి పెరాక్సైడు పట్టీ. ఎర్రగా కాల్చిన రాగి తీగని ముంచి మంటలో పెడితే ఆకుపచ్చ మంట వస్తుంది, క్లోరిన్ లాంటి హాలోజన్ ఉన్నట్టు. ఇది మాత్రం ఆవిరి లేని చోట, దూరంగా, చుక్కతోనే. పీహెచ్ 10 దాటిన ప్రతిదానికీ సయనైడు, సల్ఫైడు పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే ఆ రెండూ క్షారంలోనే బుద్ధిగా ఉంటాయి. ఆమ్లం తగిలితే విషవాయువై లేస్తాయి. రక్తపోటు మందుల తయారీలో వాడే అజైడ్ల విషయంలోనూ అంతే: ఆమ్లం తగలకూడదు, ఎండీసీతో అసలు కలవకూడదు, పేలే పదార్థం తయారవుతుంది.

ఒకే జాతివని తేలిన డ్రమ్ముల్ని కలిపి ట్యాంకర్‌కి ఎత్తితే ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే ముందు గాజు బీకరులో ఒక్కో దాని నుంచి కొద్ది కొద్దిగా వరసగా కలుపుతూ థర్మామీటరు చూడాలి. వేడి పెరిగినా, బుడగలొచ్చినా, రంగు మారినా, చిక్కబడినా ఆ రెండూ ఒక ట్యాంకర్లోకి వెళ్ళకూడదు. ఈ పరీక్షకి ఒక రోజు పడుతుంది. దాన్ని ఎగ్గొట్టాలని గుత్తేదారు మీద ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. పర్యవేక్షించేవాళ్ళు గట్టిగా నిలబడాల్సింది ఇక్కడే.

అడుగు ఊడిపోయేలా ఉన్న డ్రమ్ముని ఎత్తొద్దు. ఉన్నచోటే గాలితో నడిచే డయాఫ్రం పంపుతో కొత్త డ్రమ్ములోకి తోడేయండి. కారుతున్నా నిలబడగలిగేదాన్ని 320 లీటర్ల పెద్ద డ్రమ్ములో మొత్తంగా దించి మూత వేయండి. ఒలికిన చోట ఇసక గానీ వెర్మిక్యులైటు గానీ చల్లాలి. రంపంపొట్టు తేలిగ్గా దొరుకుతుందని అందరూ దానికే పోతారు. నైట్రిక్ ఆమ్లం మీదో, ఆక్సీకరణి మీదో పడితే అదే అంటుకుంటుంది.

కాగితాల సంగతి త్వరగా. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం లేబులు ఫారం 8, డ్రైవరు దగ్గర ఉండాల్సిన అత్యవసర కార్డు ఫారం 9, సరుకుతో వెళ్ళే మ్యానిఫెస్టు ఫారం 10, అది ఏడు ప్రతులు. దారిలో ప్రమాదమైతే ఫారం 11. మన వైపు సరుకు వెళ్ళేది విశాఖ దాటాక పరవాడలో ఉన్న శుద్ధి, నిర్మూలన కేంద్రానికి, లేదా వేడి విలువ బాగా ఉన్న సాల్వెంటు అయితే సిమెంటు బట్టీకి. క్లోరిన్ ఎక్కువుంటే బట్టీవాళ్ళు తీసుకోరు. శుద్ధి కేంద్రంలో కాల్చే కొలిమిలో రెండో గది 1,100 డిగ్రీల దగ్గర, పొగ కనీసం రెండు సెకన్లు అందులో ఉండేలా నడవాలి. ఇది నిదానమైన పని. భోపాల్ కార్బైడ్ ఫ్యాక్టరీ ఆవరణ నుంచి 2025 జనవరిలో పీథంపుర్ కొలిమికి తీసుకెళ్ళిన 337 టన్నుల్ని గంటకి గరిష్ఠంగా 270 కిలోల చొప్పున కాల్చి జూన్ నెలాఖరుకి ముగించారు. ప్రమాదం జరిగిన నలభై ఏళ్ళకి. అది కూడా గోదాంలో ఉన్న సరుకే, కింద మట్టీ నీళ్ళూ వేరే లెక్క.

మన సంగతీ అంతే. డ్రమ్ములు వెళ్ళిపోయాక ఫొటోలు తీసి పని అయిందంటారు. సగం పని అప్పుడే మొదలవుతుంది.

ముందు కింద ఇంకేమైనా పాతిపెట్టారా చూడాలి. ఇనప డ్రమ్ములైతే అయస్కాంత పరికరం రెండు మీటర్ల లోతు దాకా పసిగడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ములు దానికి కనబడవు. భూమి లోపలికి చూసే రాడార్ పొడి ఇసకలో బాగా పనిచేస్తుంది, బంకమట్టిలోనూ ఉప్పు నీళ్ళున్న తీరపు నేలలోనూ చూపు పోతుంది. అనుమానం ఉన్నచోట పళ్ళు లేని బకెట్‌తో పలచగా గీకుతూ దిగాలి, చివరి అర మీటరు పారతోనే.

మట్టి నమూనాలు: స్థలాన్ని 10 మీటర్ల గళ్ళుగా విభజించి, మరక ఉన్న గళ్ళని ఇంకా చిన్నవి చేసి, ప్రతి చోటా పైన 15 సెంటీమీటర్లు, తర్వాత అర మీటరు, మీటరు లోతుల్లో తీయాలి. పైవైపు, రసాయనం తగలని చోట నుంచి రెండు మూడు నమూనాలు తప్పకుండా. మన నేలల్లో ఇనుము, మాంగనీసు సహజంగానే ఎక్కువ. ఆ పోలిక లేకపోతే లేని కాలుష్యానికి మట్టి తవ్వి డబ్బు పారేస్తాం.

ఇక్కడ మామూలుగా జరిగే తప్పు, ఐదారు చోట్ల మట్టి పళ్ళెంలో పోసి, బాగా కలిపి, ప్లాస్టిక్ సంచిలో పంపడం. లోహాలకైతే కలపడం సరే. సాల్వెంట్లకి అది పనికిరాదు, కలిపేటప్పుడే ఎగిరిపోతాయి. ప్రయోగశాల ఏమీ లేదని రాస్తుంది, అందరూ సంతోషిస్తారు. సాల్వెంటు కోసం 5 గ్రాముల మట్టిని ముక్కు కోసేసిన సిరంజితో తవ్విన గోడ నుంచి నేరుగా తీసి, 10 మిల్లీలీటర్ల మెథనాల్ ఉన్న గాజు సీసాలో వేసి, టెఫ్లాన్ మూత బిగించి, 4 డిగ్రీల్లో ఉంచి, 14 రోజుల్లోపు పరీక్ష చేయించాలి. వెతికేది మెథనాలే అయితే ఖాళీ సీసాలో వేసి వెంటనే మూసి పంపాలి. లోహాలు ఎంత కారతాయో చూడ్డానికి టీసీఎల్పీ ఉంది: 100 గ్రాముల మట్టికి ఇరవై రెట్లు ఆమ్ల ద్రావణం, 18 గంటలు తిప్పి, వడకట్టి చూస్తారు. సీసం లీటరుకి 5 మిల్లీగ్రాములు, కాడ్మియం 1, పాదరసం 0.2 దాటితే ప్రమాదకర వ్యర్థం.

తవ్వకం ఎక్కడ ఆపాలి? రంగు పోయిన చోటా కాదు, వాసన పోయిన చోటా కాదు. గొయ్యి నాలుగు గోడల నుంచీ అడుగు నుంచీ నమూనాలు పంపి, ఫలితం వచ్చాకే పూడ్చాలి. ఆ వారం పది రోజులు గొయ్యి తెరిచే ఉంటుంది కాబట్టి కంచె, కప్పు ముందే అనుకోవాలి. తవ్విన మట్టి 20 నుంచి 25 శాతం ఉబ్బుతుంది, 180 ఘనపు మీటర్లు బయట 220 అవుతుంది. కుప్ప పోసే చోట కింద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ షీటు, చుట్టూ గట్టు, పైన కప్పు. తడి మట్టి ల్యాండ్‌ఫిల్‌కి పంపేముందు ఒక చిన్న పరీక్ష: 100 గ్రాములు పెయింటు వడకట్టే జాలీలో ఐదు నిమిషాలు ఉంచండి. ఒక్క చుక్క కారినా తీసుకోరు.

అన్నీ తవ్వి మోయనక్కర్లేదు. టోలీన్, ఆల్కహాళ్ళ మట్టిని కుప్పలు పోసి, మధ్యలో చిల్లుల పైపులతో గాలి పంపి, యూరియా, ఫాస్ఫేటు వేసి, తడి ఆరకుండా చూస్తే సూక్ష్మజీవులే తినేస్తాయి. కార్బన్, నత్రజని, భాస్వరం 100కి 10కి 1 పాళ్ళలో ఉండాలి. యూరియా ఎక్కువేస్తే తొందరగా అవుతుందనుకుని పోసేస్తారు, అమ్మోనియా పుట్టి జీవులే చస్తాయి. ఎండీసీ, క్లోరోఫాం మట్టికి ఈ పద్ధతి మీద ఆధారపడలేం. ఇసక నేల అయితే వాటికి బోర్లు వేసి బ్లోయరుతో నేలలోని ఆవిరిని లాగొచ్చు. ఆ ఆవిరిని బొగ్గు పొర గుండా పంపుతారు. ఎండీసీ బొగ్గుకి సరిగా అంటదు, త్వరగా దాటేస్తుంది, రోజూ చూడాలి. అసిటోన్ జాతి కీటోన్లు ఎక్కువుంటే బొగ్గు వేడెక్కి అంటుకుంటుంది. పర్మాంగనేటు పోస్తామని వచ్చేవాళ్ళూ ఉంటారు. అది ట్రైక్లోరోఇథిలీన్ లాంటి వాటిని విరుస్తుంది, ఎండీసీనీ క్లోరోఫాంనీ ఏమీ చేయదు. ఊదా రంగు నీళ్ళకి బిల్లు కట్టడమే అవుతుంది.

ప్లేటింగ్ షాపు మట్టిలో ఆరు వేలెన్సీ క్రోమియం (దాని బాగా విషమైన రూపం) ఉంటే నేరుగా సిమెంటు కలపడం తప్పు. క్షారంలో అది ఇంకా బాగా కదులుతుంది. ముందు ఫెర్రస్ సల్ఫేటుతో మూడు వేలెన్సీకి దించాలి, తర్వాతే సున్నం, సిమెంటు. లెక్క ప్రకారం కిలో క్రోమియంకి 16 కిలోల ఫెర్రస్ సల్ఫేటు, మట్టిలో వేరే వాటికీ ఖర్చవుతుంది కాబట్టి పనిలో రెండు మూడింతలు పడుతుంది. మందుల ఫ్యాక్టరీ మట్టికి సున్నం కలిపే ముందు అమ్మోనియం లవణాలున్నాయా చూడండి, ఉంటే ఊరంతా కళ్ళు మండుతాయి.

డబ్బు ఎవరిస్తారని ముందు వరస నుంచి చీటీ వచ్చింది. పాడు చేసినవాడే. రాజస్థాన్‌లోని బిచ్ఛ్‌రీ గ్రామం కేసులో సుప్రీంకోర్టు 1996లోనే అది తేల్చింది. అక్కడ ఒక రసాయనం తయారీ బురద బావుల నీళ్ళని గోధుమ రంగుకి మార్చేసింది. అయితే తీర్పొచ్చాక కూడా కంపెనీలు ఏళ్ళ తరబడి తప్పించుకున్నాయి. 2011లో కోర్టు 37.385 కోట్లు వడ్డీతో కట్టమంది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకి ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానమున్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి మండలికి పంపాలి. మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, తర్వాత ఇంకో 90 రోజుల్లో వివరమైన సర్వే చేయాలి. ఆ జాబితాలోకి మీ ఊరి డ్రమ్ములు ఎక్కాలంటే మొదటి కాగితం రాయాల్సింది వీఆర్వో, కార్యదర్శే. సర్వే నంబరు, తేదీ, ఫొటోలు, డ్రమ్ముల మీద మిగిలిన అంకెలు, బ్యాచ్ నంబర్లు. కడిగేస్తే, రంగేస్తే, స్క్రాప్‌కి పోతే, పాడు చేసినవాడిని పట్టుకునే ఆధారం కూడా పోతుంది.

బావుల గురించి ఇంకెవరో అడిగారు. కిందివైపు బావులు, బోర్లు ఫలితం వచ్చేదాకా తాగడానికీ వంటకీ ఆపేయాలి. మరిగిస్తే సాల్వెంటు పోతుంది కదా అంటారు. నీళ్ళలోంచి పోయి వంటింటి గాలిలోకి వస్తుంది. లోహాలైతే ఇంకా చిక్కబడతాయి. నమూనా పైన ఒకటి, అడుగున ఒకటి తీయించండి: టోలీన్ నీటి మట్టం మీద తేలుతుంది, ఎండీసీ నీళ్ళకంటే బరువు, అడుగు రాయి దాకా దిగి పగుళ్ళలో కూర్చుంటుంది. ఒకసారి బాగుందని వదిలేయకుండా వానాకాలం ముందూ తర్వాతా చూడాలి, నీటి మట్టం లేచినప్పుడు మట్టిలో మిగిలింది కడుక్కుని వస్తుంది.

చివరి ప్రశ్న, నీలం డ్రమ్ములు. పెళ్ళిళ్ళకీ, ఇంట్లో నీళ్ళకీ కడిగి వాడుతున్నారు, బ్లీచింగ్ వేస్తే సరిపోతుందా అని. సరిపోదు. ఆ ప్లాస్టిక్ గోడ సాల్వెంటుని లోపలికి పీల్చుకుంటుంది, ఎన్నిసార్లు కడిగినా తర్వాత నింపిన నీళ్ళలోకి మెల్లగా వదులుతుంది. లోపల ఆమ్లమో, అమ్మోనియా జాతి అమైన్లో మిగిలుంటే బ్లీచింగ్ తగిలి విషవాయువు పుడుతుంది. చట్టం లెక్కలో కూడా రసాయనం అంటిన ఖాళీ డ్రమ్ము ప్రమాదకర వ్యర్థమే, ఒకటో షెడ్యూలులో 33.1. ఫ్యాక్టరీ నుంచి అది అనుమతి ఉన్న శుద్ధి యూనిట్‌కే వెళ్ళాలి, సంతకి కాదు. ఇప్పటికే ఊళ్ళో తిరుగుతున్నవాటిని కోసి తొట్లు చేయకండి, కాల్చకండి. మూత బిగించి పంచాయతీలో ఒక నీడ చోట నిలబెట్టి, లెక్క రాసి మండలికి తెలపండి. నీళ్ళ కోసం కొనేది ఐఎస్ 12701 ముద్ర ఉన్న ట్యాంకు చూసి కొనండి.